చేపల చావుకు సాక్షులెవరు?

(ప్రత్తిపాడులో స్త్రీల హక్కుల కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ సమావేశానికి పిలిచినప్పుడు నిర్వాహకులు నన్ను "నీళ్ళు - స్త్రీలు" అనే అంశం మీద మాట్లాడమన్నారు. ఆ రెండు మాటలూ పక్కపక్కన వినగానే మనందరికీ కళ్ళముందు కదిలేది బిందె. ఎంత దూరం మోశారు, ఎన్ని గంటలు పట్టింది, నడుము ఎంత నొచ్చింది. ఈ లెక్కలు మనం చాలాసార్లు కట్టాం. బావి తవ్వితే ఉప్పునీళ్ళు పడే ఈ నల్లరేగడి పల్లెల్లో, కాలువ వదిలినప్పుడు నింపుకునే ఊరచెరువే దిక్కయిన చోట, ఆ లెక్క ఇంకా పూర్తి కాలేదు కూడా. అయినా ఇవాళ మోత సంగతి కాస్త పక్కన పెడతాను. వాగులో, చెరువులో ఏం జరుగుతోందో ముందుగా ఎవరికి తెలుస్తుంది? ఆ తెలిసినదాన్ని జ్ఞానమని ఎవరు ఒప్పుకుంటారు? ఒప్పుకోకపోతే నష్టం ఎవరికి? ఇవీ నా ప్రశ్నలు.

నేను సమాజశాస్త్రం చదువుకున్నదాన్ని. రసాయనశాస్త్రం నాది కాదు. కానీ ప్రయోగశాల కూడా పొలం లాగా ఒక పనిచోటే. అక్కడా శ్రమ విభజన ఉంది, కూలి ఉంది, పెత్తనం ఉంది, పేరు దక్కేవాళ్ళూ దక్కనివాళ్ళూ ఉన్నారు. అంచేత కొన్నేళ్ళుగా చేపల మీదా, నీటి మీదా పరిశోధన చేసేవాళ్ళ వెంట తిరుగుతున్నాను. పొద్దున్నే వాగు గట్టున వాళ్ళ వెనక నిలబడటం, మధ్యాహ్నం ప్రయోగశాలలో ఒక మూల స్టూలు మీద కూర్చోవటం, చూసింది రాసుకోవటం. ఇప్పుడు చెప్పేవి ఆ నోటుపుస్తకాల్లోంచీ, నేను చదివినవాటిలోంచీ.

పత్తీ మిరపా పండే ప్రాంతంలో చేపల గొడవ ఏమిటని మీలో కొందరికి అనిపించవచ్చు. ఇక్కడ పత్తికి మందు కొట్టే నెలలూ, వానలు పడే నెలలూ ఒకటే. పరిగెలు, జెల్లలు, మట్టగిడసలు గుడ్లు పెట్టటానికి వాగులకు ఎదురెక్కేదీ ఆ వాననీళ్ళలోనే. చేలో పడిన వాన చేలో మందును కడిగి బోదెలోకీ, బోదె నుంచి వాగులోకీ తెస్తుంది. ఈ నీరు నల్లమడ లాంటి వాగుల వెంట బాపట్ల వైపు సముద్రానికి పోతుంది. నది అంటే మనకు కృష్ణే గుర్తొస్తుంది గానీ, కూలి చేసుకునే ఆడవాళ్ళకు తెలిసిన నది ఊరి పక్కన ఉన్న ఈ వాగే. బట్టలు ఉతికేదీ, గొడ్డును కడిగేదీ, చేలో పనికి పోయినప్పుడు నోరు తడుపుకునేదీ, సాయంత్రం కూరకు గుప్పెడు పరిగెలు దేవుకునేదీ అక్కడే. మిరపకోతలకు కర్నూలు వైపు నుంచి పిల్లాజెల్లాతో వలస వచ్చే కుటుంబాలకైతే చేల మధ్యన ఇంకో నీళ్ళ వసతి ఉండదు.

సరే, చేపల పరిశోధన అంటే ఏం చేస్తారు? సగం పని గట్టు మీద, సగం గదిలో. గట్టు మీద మొదట చూసేది నీళ్ళలో కరిగిన ప్రాణవాయువు. 300 మిల్లీలీటర్ల గాజు సీసాను బుడగ లేకుండా నింపి, అక్కడికక్కడే రెండు మందులు, మాంగనీసు లవణం ఒకటి, అయొడైడు కలిపిన క్షారం ఒకటి, వేస్తారు. ప్రాణవాయువు ఉంటే అడుగున గోధుమరంగు మడ్డి దిగుతుంది. లేకపోతే మడ్డి తెల్లగా ఉంటుంది. హంగరీకి చెందిన వింక్లర్ 1888లో కనిపెట్టిన పద్ధతి ఇది. ఇప్పటికీ ఇదే. మిగతా లెక్క ప్రయోగశాలలో తేలుస్తారు గానీ, ఆ రంగు మాత్రం గట్టు మీదే కనిపిస్తుంది. ఒకసారి చూపిస్తే చాలు, చదువు రానివాళ్ళు కూడా పోల్చుకుంటారు. నా ఎదురుగా అలా పోల్చుకున్నారు కూడా. బట్టలు ఉతుకుతున్న ఇద్దరు మా దగ్గరికొచ్చి "ఇది ఎర్రబడలేదేంటమ్మా, అక్కడ మురుగు కలిసే చోటు ముంచారా?" అని అడిగారు. అక్కడే ముంచాం.

గదిలో జరిగే పని వేరు. ఒక పురుగుమందు ఎంత విషమో తేల్చాలంటే గాజుతొట్లలో ఒకే సైజు చేపల్ని పదేసి వేసి, ఒక్కొక్క తొట్టిలో ఒక్కొక్క మోతాదు మందు కలిపి, 96 గంటలు కాపలా కాస్తారు. సగం చేపలు చచ్చిన మోతాదును ఆ మందుకు గుర్తుగా రాసుకుంటారు. ఎల్‌సి 50 అంటారు దాన్ని. ఎండోసల్ఫాన్‌కు చాలా జాతుల చేపల్లో ఈ అంకె లీటరు నీళ్ళకు ఒకటి రెండు మైక్రోగ్రాముల దగ్గరే ఉంటుంది. మైక్రోగ్రామంటే గ్రాములో పదిలక్షలో వంతు. ఖాళీ డబ్బాను వాగులో జాడించినప్పుడు ఎంత మందు పోతుందో మీరే ఊహించుకోండి. మన పక్కనే ఉన్న ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయం జంతుశాస్త్ర విభాగంలో పురుగుమందులు చేపల్ని ఏం చేస్తాయన్న విషయం మీద దశాబ్దాలుగా పరిశోధనలు జరిగాయి. మట్టగిడస, శీలావతి లాంటి మన చేపల మీదే జరిగాయి. మనవాళ్ళకు తెలియదనటానికి లేదు. తెలుసు. అయితే తెలిసింది ఇంగ్లీషులో, సిద్ధాంత గ్రంథాల్లో ఉండిపోయింది.

ఆ గ్రంథాల్లో నన్ను ఆపేసిన వాక్యం ఒకటుంది. పద్ధతుల అధ్యాయం మొదట్లోనే వస్తుంది. ప్రయోగానికి కావలసిన చేపలను స్థానిక జాలరుల నుంచి సేకరించడమైనది, అన్న అర్థంలో. ఏ దేశపు పత్రిక తీసినా దాదాపు ఇదే వాక్యం. ఎవరా స్థానిక జాలరులు? ఏ వాగులో, ఏ వేళ పట్టారు? ఎంతిచ్చారు? దాని గురించి ఇంకో ముక్క ఉండదు. నేను కూర్చున్న ప్రయోగశాలకు (పేరు అక్కర్లేదు) మట్టగిడసలు తెచ్చేది ఒక యానాది స్త్రీ. కొన్న చేపల్ని పది పదిహేను రోజులు తొట్లలో ఉంచి అలవాటు చేస్తారు. ఆ రోజుల్లో ఎక్కువ చచ్చాయంటే ఆ విడత మొత్తం పనికిరాదు, ప్రయోగం నెల వెనకబడుతుంది. ఈమె తెచ్చినవి చావవు. పరిశోధన చేసే అమ్మాయి ఓ రోజు అడిగింది. "ఏం పిన్నీ, మార్కెట్లో తెచ్చినవి రెండోరోజే తేలిపోతాయి, నీ చేపలకేం కాదు?" ఆమె నవ్వి, "కుండకు మూత బిగించనమ్మా. అది పైకొచ్చి గాలి పీల్చుద్ది గదా. వల్లో పడ్డదాన్ని తేను, వలకి పొలుసు రేగిద్ది. చేత్తో తడిమి పట్టిందే తెస్తా" అంది. మట్టగిడస గాలి పీల్చే చేప అన్నది జంతుశాస్త్రం పాఠం. వల రాపిడికి చర్మం దెబ్బతింటే బూజు పట్టి చేప చస్తుందన్నది కూడా పాఠమే. ఆమెకు డిగ్రీ లేదు, జీతం లేదు, గ్రంథంలో పేరు లేదు. "స్థానిక జాలరులు" అనే బహువచనంలో ఆమె కలిసిపోయింది.

దీన్ని కృతజ్ఞత చెప్పటం చెప్పకపోవటంగా మాత్రమే చూస్తే చిన్న విషయం అవుతుంది. నా అభ్యంతరం అంతకన్నా పెద్దది. ప్రయోగశాల ఒక మందును ఒక జాతి చేప మీద శుభ్రమైన నీళ్ళలో పరీక్షిస్తుంది. పక్కనే మందు కలపని తొట్టి ఒకటి పోలికకు ఉంటుంది. మన ఊళ్ళలో పోలికకు మిగిలిన తొట్టి ఏది? మందు కొట్టని చేను ఏ వాగు ఎగువన ఉంది? మిరపకు రెండు మూడు మందులు ఒకే ట్యాంకులో కలిపి కొట్టేస్తున్నప్పుడు, ఆ కలగాపులగానికి ఎల్‌సి 50 ఎవరు కట్టారు? అంటే గది చెప్పగలిగింది కొంతే. మిగతాది వాగు దగ్గరే చూడాలి. వాగును రోజూ చూసేవాళ్ళేమో లెక్కలో లేరు.

చేపలు ఎందుకు చచ్చాయో ఆడవాళ్ళు ఎట్లా పసిగడతారో చెబుతాను, ఎందుకంటే ఇక్కడ అనుభవానికీ శాస్త్రానికీ పేచీ లేదు. ప్రాణవాయువు చాలక చచ్చే చేపలు తెల్లవారుజామున చస్తాయి. రాత్రంతా నాచూ మొక్కలూ ప్రాణవాయువును తయారుచెయ్యవు, వాడుకుంటాయి కాబట్టి. అప్పుడు చేపలు పైకొచ్చి మూతులు తెరుస్తాయి. పెద్దవి ముందు పోతాయి. కొర్రమీను, మట్టగిడస, మార్పు లాంటి గాలి పీల్చేవి తట్టుకుంటాయి. పురుగుమందు పడితే సంగతి వేరు. వేళాపాళా ఉండదు. చిన్న చేపలూ, రొయ్యలూ ముందు పోతాయి. చేప గిరగిరా తిరుగుతుంది, వంకరపోతుంది, గట్టుకు కొట్టుకుంటుంది. ఆఖరికి కొర్రమీను కూడా తేలుతుంది. ఒక ఊళ్ళో నేను కూర్చున్న గుంపులో ఆడవాళ్ళు ఈ తేడాను ఒకరి మాట మీద ఒకరు అందుకుంటూ చెప్పారు. "మబ్బుపట్టిన రోజు పొద్దున చస్తే తింటాం. మధ్యాహ్నం చస్తే తినం." ఈ ఒక్క ముక్కలో రోగనిర్ధారణ అంతా ఉంది. ఆ తర్వాత అధికారులొచ్చినప్పుడు (వస్తే) అడిగేది చెరువు పాటదారుని. ఆయన ఊళ్ళో ఉండడు. ఆయనకు తెలిసింది నష్టం ఎన్ని వేలన్నదే.

చెరువు పాట గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ఊరచెరువులో చేపల హక్కు మత్స్య సహకార సంఘానికో, సంఘం లేనిచోట వేలంపాటలో పాడుకున్నవాడికో పోతుంది. పాట అయ్యాక ఆ చెరువులో గుప్పెడు పరిగెలు పట్టినా దొంగతనమే. అందుకే యానాది స్త్రీలూ, దళిత కూలి స్త్రీలూ పాట లేని చోటికి, అంటే వాగులకీ, మురుగు కాలువలకీ నెట్టబడ్డారు. మందు ముందుగా చేరేదీ అక్కడికే.

ఈ మందుల చరిత్ర మీలో పెద్దవాళ్ళు కళ్ళారా చూసిందే. 1980లలో పత్తి మీదకు సింథటిక్ పైరిత్రాయిడ్లు వచ్చాయి. మనుషులకు ప్రమాదం తక్కువని చెప్పి అమ్మారు. మిగతావాటితో పోలిస్తే అది కొంత నిజమే. చేపలకూ రొయ్యలకూ అవి చాలా తక్కువ మోతాదులోనే ప్రాణాంతకమన్న రెండో సగం మాత్రం దుకాణంలో ఎవరూ చెప్పలేదు. కొట్టినకొద్దీ శనగపచ్చ పురుగు మందుకు లొంగకుండా తయారయింది. తెల్లదోమ విరగబడింది. 1987-88లో ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో పత్తి పోయి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. 2002లో బిటి పత్తి వచ్చాక కాయతొలుచు పురుగు మందులు కొంతకాలం తగ్గాయి. రసం పీల్చే పురుగుల మందులు పెరిగాయి. ఎండోసల్ఫాన్‌ను 2011 మే 13న సుప్రీంకోర్టు ఆపింది. కాసరగోడు జీడిమామిడి తోటల్లో రోగగ్రస్తులైన పిల్లల తల్లులు ఏళ్ళ తరబడి రోడ్డెక్కితే ఆగింది. 2021-22లో మిరపను నల్ల తామరపురుగు తినేసినప్పుడు మన గుంటూరు చేలల్లో ఎన్ని రకాల మందులు ఎన్నిసార్లు కొట్టారో మీకు నేను చెప్పక్కర్లేదు. ఒక మందు పోతుంది, ఇంకో మందు వస్తుంది. వాగు మాత్రం అదే.

ఇక మందు కలిపేదెవరు? స్ప్రే చేసేది మగవాడు కాబట్టి ప్రమాదం అతనికేనని అధికారిక లెక్కలన్నీ అనుకుంటాయి. గుడ్డలూ మాస్కులూ గురించిన సలహాలన్నీ అతనికే. వాగు నుంచి నీళ్ళు మోసేది, చిక్కటి మందు మూత విప్పి డ్రమ్ములో పోసి కలిపేది, ట్యాంకు నింపి అతని వీపుకెత్తేది, సాయంత్రం ఆ బట్టలు ఉతికేది స్త్రీ. ఆమె చేసేది "సాయం". సాయానికి ప్రమాదం ఉండదు కదా! ఫ్రాన్సెస్కా మాన్సినీ అనే పరిశోధకురాలు తన సహచరులతో కలిసి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మూడు పత్తి గ్రామాల్లో చేసిన అధ్యయనం 2005లో అచ్చయింది. 50 మంది స్త్రీలు ఒక పంటకాలమంతా తమకూ, తమ ఇంటి మగవాళ్ళకూ కలిగిన బాధల్ని ఎప్పటికప్పుడు నమోదు చేశారు. మొత్తం 323 సందర్భాలు నమోదైతే, వాటిలో 83.6 శాతంలో ఏదో ఒక స్థాయిలో విషప్రభావ లక్షణాలు కనిపించాయి. 6 శాతం తీవ్రమైనవి. వాళ్ళలో ఒక్కరూ ఆసుపత్రికి పోలేదు. మందు కలిపే స్త్రీలకు, కొట్టే మగవాళ్ళతో సమానంగా ప్రమాదం ఉందని తేలింది. భూస్వాముల కన్నా చిన్న రైతులకే తీవ్రమైన విషప్రభావం ఎక్కువసార్లు కలిగింది. ఈ అధ్యయనంలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచింది దాని పద్ధతి. ఆ స్త్రీలు అక్కడ పరిశోధకులకు నమూనాలు కారు. లెక్క రాసింది వాళ్ళే.

మోనోక్రోటోఫాస్, క్వినాల్‌ఫాస్, క్లోర్‌పైరిఫాస్ తరహా మందులు నరాలలో ఎసిటైల్‌కోలినెస్టరేజ్ అనే ఒక ఎంజైమును కట్టిపడేస్తాయి. ప్రయోగశాలలో చేప మెదడు తీసి ఆ ఎంజైము ఎంత తగ్గిందో కొలుస్తారు. ఆ ఎంజైమే మనలోనూ ఉంది. మనుషుల రక్తంలో కూడా దాన్ని కొలవచ్చు. కళ్ళు మసకలు కమ్మటం, చేతులు వణకటం, నోట్లో నీళ్ళూరటం, వాంతులు. కూలి స్త్రీలు "ఎండదెబ్బ" అనీ, "వేడి చేసింది" అనీ చెప్పేవాటిలో కొన్ని ఇవే కావచ్చు. చేప మెదడులో ఎంజైము కొలిచిన పరిశోధన పత్రాలు ఎన్నో. అదే వాగు నీళ్ళతో మందు కలిపిన మనిషి రక్తం పరీక్షకు పోయిన సందర్భం నేను తిరిగిన ఊళ్ళలో ఒక్కటీ లేదు. స్త్రీల ఆరోగ్యమనగానే గర్భసంచి దగ్గర ఆగిపోయే మన ఆరోగ్య కేంద్రాలు ఈ పరీక్ష చేస్తాయని నేను అనుకోను. మనం అడగలేదు కూడా.

రేచెల్ కార్సన్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. 1962లో "సైలెంట్ స్ప్రింగ్" రాసి పురుగుమందుల కంపెనీలను గడగడలాడించిన స్త్రీ. ఆమె ఉన్మాది అనీ, పెళ్ళికానిదనీ, శాస్త్రవేత్తే కాదనీ కంపెనీల మనుషులు ప్రచారం చేశారు. ఆమె జంతుశాస్త్రంలో 1932లో మాస్టర్స్ చేసింది, అదీ జెల్ల జాతి చేప పిండంలో మూత్రపిండం ఎలా రూపుదిద్దుకుంటుందన్న అంశం మీద. తర్వాత అమెరికా ప్రభుత్వ మత్స్యశాఖలో ఉద్యోగం. ఆ పుస్తకంలో కెనడాలోని మిరామిచీ నది గురించి రాసింది. 1954 జూన్‌లో అడవుల మీద విమానాలతో డిడిటి చల్లితే నదిలో సాల్మన్ పిల్లలు చచ్చిపోయాయి. చేపలు చచ్చిన నదులు ఆ కాలంలో ఎన్నో ఉంటాయి. ఈ నది గురించి అంత గట్టిగా ఎలా చెప్పగలిగారు? 1950 నుంచీ అక్కడి మత్స్య పరిశోధకులు ఏటా చేపల్ని లెక్కపెడుతూ వస్తున్నారు కాబట్టి. మందు చల్లకముందు ఎన్నున్నాయో కాగితం మీద ఉంది. చల్లాక ఎన్ని మిగిలాయో ఉంది.

మన వాగులో 1980కి ముందు ఎన్ని జాతుల చేపలుండేవి? కాగితం మీద లేదు. 60 ఏళ్ళు దాటిన ఏ స్త్రీనైనా అడగండి, వేళ్ళు మడిచి చెబుతుంది. బొమ్మిడాయిలు ఏ బురదలో దొరికేవో, మార్పు చేప ఏ వానకు ఎక్కేదో, పెళ్ళయి వచ్చిన ఏడు ఏ చేప కూర వండిందో. ఆ జాబితా రాసుకోవటానికి ప్రయోగశాల అక్కర్లేదు. వాళ్ళు పోయేలోగా రాయాలి, అంతే.

ఇక చట్టం. 1897లో తెల్లవాళ్ళు చేసిన భారత మత్స్య చట్టం, చేపల్ని పట్టే లేదా చంపే ఉద్దేశంతో నీళ్ళలో విషం, సున్నం కలిపితే నేరమంది. ఉద్దేశం అన్న మాట చూడండి. కూర కోసం చెట్టు పసరు కలిపిన యానాదికి ఉద్దేశం ఉంది. వందల ఎకరాల మందు కడుగు వాగులో కలిస్తే ఎవరికీ ఉద్దేశం లేదు. 1974 నీటి కాలుష్య చట్టం ఇంకా పెద్దది, కానీ దాని చూపు ఫ్యాక్టరీ గొట్టం మీద. గొట్టం ఎవరిదో చెప్పొచ్చు. చేల మీదుగా వచ్చే మందునీళ్ళకు గొట్టం లేదు. నమూనా తీసే పద్ధతి కూడా చట్టంలో రాసి ఉంది. మండలి అధికారి తీయాలి, ఎదుటి పక్షానికి చెప్పి తీయాలి, సీలు వేసి సంతకాలు పెట్టాలి. మీరు సీసాలో పట్టిన నీళ్ళు ఆ లెక్కన సాక్ష్యం కావు. 1988 సవరణతో 60 రోజుల నోటీసు ఇచ్చి ఎవరైనా కోర్టుకు ఫిర్యాదు చేసే దారి ఏర్పడింది. 2010లో హరిత ట్రిబ్యునల్ చట్టం వచ్చింది. ఈ దారుల్లో నడవాలన్నా చేతిలో ఏదో ఒక కాగితం ఉండాలి.

గుంటూరులో స్పైసెస్ బోర్డు లాబొరేటరీ ఉంది. విదేశాలకు పోయే మిరపలో విషపదార్థాలు ఉన్నాయా లేదా అక్కడ పరీక్షిస్తారు. మంచిదే. అక్కడెక్కడో తినేవాళ్ళ కడుపు గురించి ఇక్కడ యంత్రాలున్నాయి. ఆ మిరపను కోసినవాళ్ళు తాగిన నీళ్ళ గురించి? 2019లో మొదలైన జల జీవన్ మిషన్ ప్రతి ఊళ్ళో ఐదుగురు స్త్రీలకు నీటి పరీక్ష నేర్పాలంది. కిట్లు ఇచ్చారు. ఆడవాళ్ళ చేతికి పరీక్షసీసా రావటాన్ని నేను తక్కువ చేయను. మీలో ఆ శిక్షణ పొందినవాళ్ళు ఉన్నారు, చేతులెత్తారు, చూశాను. ఆ కిట్‌తో పి.హెచ్., క్లోరైడు, ఫ్లోరైడు, నైట్రేటు, గట్టితనం లాంటివి చూడొచ్చు. పురుగుమందు చూడలేం. కిట్ చూసేది కుళాయినీ, మంచినీళ్ళ బోరునూ. వాగు జోలికి పోదు. పరీక్ష చేసే పని మనకిచ్చారు గానీ, ఏం పరీక్షించాలో నిర్ణయించే పని ఇవ్వలేదు.

ప్రయోగశాలలో ఉన్న స్త్రీల మాట కూడా చెప్పి ముగింపుకొస్తాను. జంతుశాస్త్రంలో ఇప్పుడు అమ్మాయిలే ఎక్కువ కనిపిస్తున్నారు. చేప తొట్లకు 96 గంటల కాపలా అంటే నాలుగు రాత్రులు. రాత్రి వేళ విభాగంలో ఉండటానికి వాళ్ళకు అనుమతి ఉండదు. వాగు దగ్గర తెల్లవారుజాము నమూనా తీయాలంటే ఇంట్లో ఒప్పుకోరు, గైడు "నీకెందుకమ్మా, అబ్బాయిల్ని పంపుదాం" అంటాడు. నేను చూసిన చోట ఒక అమ్మాయి తన లెక్కలకు అసలైన వేళ, అంటే చేపలు చచ్చే ఆ తెల్లవారుజామున, ఒక్కసారీ గట్టు మీద లేదు. ఇతరులు తెచ్చిన సీసాలు కొలిచింది. గాజుసామాను కడిగే ఆయమ్మకు ఆమ్లం ఏదో, క్షారం ఏదో చెప్పేవాళ్ళు లేరు. గ్లవ్స్ లేవు. చేలో డబ్బా కడిగే స్త్రీకీ, ఇక్కడ సీసా కడిగే స్త్రీకీ చేతులు ఒకేలా పొక్కి ఉన్నాయి.

ఇప్పుడు మనం చేయగలిగింది ఏమిటన్న ప్రశ్న. నేను ప్రతిపాదించేది చిన్నది. ఒక్కో ఊళ్ళో ఒక పుస్తకం. చేపలు చచ్చిన తేదీ, వేళ, వాన ఉందా లేదా, ఏ చేపలు ముందు తేలాయి, ఎలా కొట్టుకున్నాయి, ఎగువన ఏ పంట ఉంది, ఆ వారం పనికి పోయినవాళ్ళలో ఎవరికి తల తిరిగింది. చేపల లెక్కా, మనుషుల లెక్కా ఒకే పుస్తకంలో పక్కపక్కన. నెల్లూరు జిల్లాలో రాత్రిబడి వాచకంలోని పాఠం 1992 నాటికి దూబగుంట సారా పోరాటం దాకా నడిచిందని మీకు తెలుసు. పుస్తకానికి ఆ శక్తి ఉంది. అయితే ఒక ఊళ్ళో ఈ ప్రతిపాదన పెట్టినప్పుడు ఒకామె నన్ను నిలదీసింది. "నువ్వు రాసుకుని పోతావమ్మా. ఆసామి చేను పేరు పుస్తకంలో ఎక్కాక రేపు మమ్మల్ని పనికి ఎవరు పిలుస్తారు?" ఆమె అడిగినదానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. చేను పేరు రాయకుండా వాగులో చోటు మాత్రమే గుర్తుపెట్టుకోవచ్చా? పుస్తకం ఊళ్ళో కాక సంఘం ఆఫీసులో ఉంచాలా? ఇంకోటి కూడా ఉంది. మనం వాగులో విషం గురించి మాట్లాడగానే పంచాయతీ మొదట చేసేది "వాగులో డబ్బాలు కడగరాదు" అని బోర్డు పెట్టటం. అంటే నేరం కడిగిన ఆమెది అవుతుంది. మందు అమ్మినవాడిదీ, కొట్టమన్నవాడిదీ కాదు, కడగటానికి చేలో ఇంకో నీటి వసతి ఏర్పాటు చెయ్యనివాడిదీ కాదు. మన డిమాండు పత్రంలో మాటల వరస మీద చాలా జాగ్రత్త కావాలి.

మధ్యాహ్నం మనం వాగు దగ్గరికి వెళుతున్నాం. పురుగుమందు పరీక్షకు ప్లాస్టిక్ సీసా పనికిరాదు, మందు ప్లాస్టిక్‌కు అంటుకుపోతుంది. ముదురురంగు గాజు సీసాలు ఆరు తెచ్చాను. మూతకు లోపల అల్యూమినియం రేకు ఉండాలి. నీళ్ళు పట్టిన వెంటనే ఐసు పెట్టెలో పెట్టి, వారంలోగా లాబొరేటరీకి చేర్చాలి. లేకపోతే లెక్క తప్పుతుంది. ఒక్కో సీసా పరీక్షకు అయ్యే ఖర్చు కూలి స్త్రీకి చాలా రోజుల కూలి. కాబట్టి ఆరు సీసాలూ ఎక్కడ ముంచాలో ఆలోచించి ముంచాలి. ఎగువన ఒకటి, మురుగు కలిసే చోట ఒకటి. మిగతా నాలుగు ఎక్కడన్నది ఈ ఊరి ఆడవాళ్ళు చెబుతారు. పొద్దున వాళ్ళతో మాట్లాడాను. ఒంటిగంటకల్లా కూలి నుంచి వస్తామన్నారు. వాళ్ళు వచ్చేదాకా ఆగుదాం.